మూత తెఱవరాని యంత్రములు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు కంపెనీవారు తమ విండోసు 10నకు పోషణ నిలిపివేసిరి. మఱునాటి యుదయమున మన పట్టణములందలి కచేరీలలో, దుకాణములలో, విద్యార్థుల యిండ్లలో కంప్యూటరులు ఎప్పటివలెనే మేల్కొన్నవి, ఎప్పటివలెనే పనిచేసినవి. ఒక్క మర యూడలేదు, ఒక్క తీగ తెగలేదు. ఐనను ఆనాటినుండి యవి కాలము తీరిన యంత్రములని తీర్పు వెలువడినది. పోనీ, క్రొత్తదియగు విండోసు 11నకు మాఱుదమన్నచో, సుమారు 2018కి పూర్వము తయారైన ప్రాసెసరులలో అత్యధిక భాగమును అది తన గడప త్రొక్కనీయదు. ఈ నిర్ణయము వలన 24 కోట్ల కంప్యూటరులు చెత్తకుప్పకు చేరవచ్చునని కనాలిస్ అను పరిశోధన సంస్థవారు 2023 డిసెంబరునందే అంచనా వేసియుండిరి. చెడని వస్తువును చెడినదిగా ప్రకటించు నధికారము అమ్మినవానికి ఎచ్చటినుండి వచ్చినది? సొమ్ము చెల్లించి కొన్నవాని కా యధికార మేల లేకపోయినది? కంప్యూటరులనుగూర్చి నేడు మన పత్రికలలో వెలువడు ప్రశంసల నడుమ ఈ ప్రశ్న వినబడకున్నది గావున మేము దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

గృహస్థులకు భద్రతా సవరణలను మఱియొక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు 13 వఱకు, అందింతుమని కంపెనీవారు చెప్పకపోలేదు. కాని షరతులు చూడుడు. మన కంప్యూటరులోని యమరికలను వారి భాండాగారమునకు ఎక్కింప నొప్పుకొనవలెను. లేదా వారి సేవలను వాడుకొని కూడబెట్టిన బహుమాన పాయింట్లను చెల్లింపవలెను. లేదా 30 డాలర్లకు సరియగు మూల్య మీయవలెను. ఐరోపా ఆర్థిక మండలమునందు మాత్రము వినియోగదారుల సంఘములు చట్టమును చేతబట్టి యెదురుతిరుగగా, ఎక్కింపు షరతునైనను, మూల్యమునైనను అడుగక ఉచితముగనే యిచ్చుటకు కంపెనీవారు 2025 సెప్టెంబరున దిగివచ్చిరి. పారిసువాని యంత్రమునకును తెనాలివాని యంత్రమునకును నిర్మాణమున భేదమేమియు లేదు. వారడిగిరి, మన మడుగలేదు. ఉన్న భేద మింతియే.

ఇక పాతవానిని విడిచి క్రొత్త సరకును పరికింతము. దుకాణములలో నేడు తళతళలాడు ల్యాపుటాపులు పలుచనివి, తేలికయైనవి, అందమైనవి. కృత్రిమ మేధస్సునకు తగినవను ముద్ర అనేకములపై కనబడును. 2024 మే నెలలో మైక్రోసాఫ్టువారు కోపైలట్ ప్లస్ అను తరగతిని ప్రకటించుచు, సెకనుకు 40 లక్షల కోట్ల గణనలు చేయగల ప్రత్యేక విభాగమును, కనీసము 16 జీబీల ర్యామును ఉండవలెనని నిర్ణయించిరి. ఈ గొప్పలను మేము కాదనము. యంత్రములు నిజముగనే వేగవంతములైనవి. బ్యాటరీలు పూర్వముకంటె మిక్కిలి సేపు నిలుచుచున్నవి. కాని అడుగునగల మరలు విప్పి మూత తీసి చూచువారికి వేఱొక సంగతి గోచరమగును. ర్యాము, అనగా పనిచేయుచుండగా యంత్రము సమాచారము నుంచుకొను తావు, ఒకప్పుడు చిన్న పలకలుగా నుండెడిది. క్లిప్పులు వంచి తీసి, మఱియొకటి పెట్టుకొనుటకు వీలుండెడిది. నేడు పలుచని ల్యాపుటాపులలో అనేకములందు ఆ చిప్పులు మదర్‌బోర్డునకే టంకముతో అతుకబడి యున్నవి. 2024 సెప్టెంబరులో విడుదలయైన ఇంటెలువారి కోర్ అల్ట్రా 200వి ప్రాసెసరులలో నైతే ర్యాము ప్రాసెసరు తొడుగులోనికే చేరినది. 32 జీబీలు దానికి పరమావధి. కొన్ననాడెంతయో, పాఱవైచు నాడును అంతియే.

ఇది చిన్న సంగతియని తోచవచ్చును. మన మధ్యతరగతి కుటుంబముల నడవడి నెఱిగినవారికి అట్లు తోపదు. మన వారిల్లు కట్టునపుడు స్తంభములపై ఇనుపచువ్వలను వంచక పైకి విడుతురు. ఎందులకు? పిల్లవానికి ఉద్యోగము వచ్చిన పిదప, లేదా పంట కలిసివచ్చిన యేట, పై యంతస్తు వేసికొందుమని. కొంచెముతో మొదలుపెట్టి, చేయి ఆడినపుడు చేర్చుకొనుట మన ఆర్థికశాస్త్రము. కంప్యూటరు విషయమునను నిన్నటివఱకు మన వారట్లే చేసిరి. 4 జీబీలతో కొని, రెండేండ్ల పిమ్మట మఱి 4 చేర్చి, హార్డుడిస్కు మందగించినపుడు దానిని తీసి ఎస్సెస్డీ పెట్టించి, యొక్కొక్క యంత్రమును ఎనిమిది పదియేండ్లు నడపుకొనిరి. టంకపు చుక్క ఒక్కటి ఆ చువ్వలన్నిటిని నఱికివేసినది. ఇప్పుడు తండ్రి కొనునాడే అయిదేండ్ల పిమ్మటి యవసరమును ఊహించి మొత్తము చెల్లింపవలెను. చెల్లింపలేనివాడు తక్కువది కొని, మూడవ యేటనే మఱియొకటి కొనవలెను. బీదవాడే రెండుమార్లు చెల్లించుచున్నాడు.

మా వకీళ్ల గదిలో 2014లో కొన్న డెస్కుటాపు యంత్రమొకటి కలదు. దానికి రెండుసార్లు ర్యాము చేర్చితిమి; ఒకసారి విద్యుత్తు సరఫరా పెట్టెను మార్చితిమి; ఎస్సెస్డీ పెట్టించితిమి. నేటికిని వకాలత్నామాలు, వాదపత్రములు, మా గుమస్తాగారి పిల్లల దరఖాస్తులు దానిమీదనే తయారగుచున్నవి. అదే గదిలో మా జూనియరొకరు 2022లో కొన్న పలుచని ల్యాపుటాపు ర్యాము చెడి మూలబడినది. చిప్పొక్కటియే పోయినను బోర్డంతయు మార్చవలెననియు, దానికగు ధరకు కొంచెము చేర్చినచో క్రొత్తదియే వచ్చుననియు సర్వీసు కేంద్రమున చెప్పిరట. అట్లు చెప్పుటలో అబద్ధము లేదు. అబద్ధము లేకుండుటయే మా బాధ.

ఈ పరిస్థితికి 2025 చివరను మఱియొక చిక్కు తోడైనది. కృత్రిమ మేధస్సు కొఱకు అమెరికాలోను ఇతర దేశములలోను వెలయుచున్న బ్రహ్మాండమైన డేటా సెంటరులు మెమరీ చిప్పులను అంతు లేకుండ కొనసాగినవి. ప్రపంచమున ఈ చిప్పుల తయారీ ప్రధానముగా మూడు కంపెనీల చేతిలో నున్నది: కొరియాకు చెందిన శామ్‌సంగు, ఎస్‌కే హైనిక్సు, అమెరికాకు చెందిన మైక్రాను. పెద్ద బేరము దొరకినపుడు చిల్లర బేరమెవనికి కావలెను? ర్యాము ధరలు ఆకాశమున కెగసినవి. 2025 డిసెంబరు 3వ తేదీన మైక్రానువారు, సామాన్యులకు ర్యామును ఎస్సెస్డీలను అమ్ము తమ క్రూషియల్ అను వ్యాపారమును మూసివేయుచున్నామనియు, 2026 ఫిబ్రవరి వఱకే సరకు పంపుదుమనియు ప్రకటించిరి. మన చిన్న దుకాణములలో విశ్వాసపాత్రమై యుండిన పేరు అది.

ఇచ్చట మన పాఠకులు గుర్తుంచుకొనవలసిన విషయమొకటి గలదు. ఇదే మైక్రాను కంపెనీవారు గుజరాతులోని సాణందునందు చిప్పులను కూర్చి పరీక్షించు కర్మాగారము నెలకొల్పుటకు 2023 జూనులో అనుమతి పొందిరి. ఆ ప్రాజెక్టు వ్యయములో 50 శాతమును భారత ప్రభుత్వమును, 20 శాతమును గుజరాతు ప్రభుత్వమును భరించుట కంగీకరించినవి. నూటికి డెబ్బది పాళ్లు ప్రజాధనము! కర్మాగారము రాకూడదని మేమనుట లేదు. చిప్పుల విద్య ఈ దేశమున నాటుకొనవలసినదే. కాని అంత ధనము పోసినపుడు, ఇచ్చటి గృహస్థునకు, విద్యార్థికి విడిగా ర్యాము దొరకునట్లు చూడవలెనను మాట నొక్కదానిని ఒడంబడికలో వ్రాయించుట కేమి యడ్డము? దానమిచ్చువాడు షరతు పెట్టడు. పెట్టుబడి పెట్టువాడు తప్పక పెట్టును. మన ప్రభుత్వములు తాము రెంటిలో నేది చేయుచున్నవో తేల్చుకొనవలెను.

చరిత్ర నొక్కింత త్రవ్వి చూచినచో, కంప్యూటరు మన గుమ్మములకు వచ్చినదే మూత తెఱచి యుంచుట వలన. 1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీవారు తమ మొదటి పర్సనలు కంప్యూటరును విడుదల చేసినపుడు, దాని సాంకేతిక గ్రంథమున విద్యుద్వలయముల నక్షలను పూర్తిగా అచ్చువేసిరి. యంత్రమును మేల్కొలుపు బయాసు అను ప్రోగ్రామును సైతము పంక్తి పంక్తిగా ప్రకటించిరి. ఉదారబుద్ధితోనే చేసిరని చెప్పజాలము. ఇతరులు దీనికి కార్డులు తయారుచేసినచో తమ యంత్రమునకు గిరాకి పెరుగునని వారి లెక్క. బయాసుపై కాపీహక్కు మాత్రము విడువలేదు. కాంపాక్ మొదలగు కంపెనీలవారు దానిని నకలు చేయక, అది చేయుపనిని మాత్రమే గ్రహించి, తమ సొంత ప్రోగ్రామును వ్రాసికొనిరి. న్యాయశాస్త్రము చదివినవారికి ఈ ఘట్టము ఒక చక్కని పాఠము: భావము అందఱిది, వ్రాత మాత్రమే ఒకనిది. ఆ చిన్న సందులోనుండి ప్రపంచమంతయు లోనికి వచ్చినది. తైవానులో బోర్డులు, కొరియాలో ర్యాము, మఱియొకచోట పెట్టెలు, వేఱొకచోట కీబోర్డులు తయారై, అన్నియు ఒకదానితో నొకటి పొసగుచు వచ్చినవి.

దాని ఫలితమే మన యూళ్లలో 1990ల తరువాత వెలసిన అసెంబుల్డు కంప్యూటరు. సికిందరాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడు సెంటరు నెఱుగని తెలుగు విద్యార్థి ఆ దినములలో అరుదు. జాబితా చేతబట్టుకొని దుకాణమునుండి దుకాణమునకు తిరిగి, బోర్డొకచోట, పెట్టె యొకచోట బేరమాడి, యింటికి తెచ్చి కూర్చుకొనినవారు వేనవేలు. కంపెనీ పేరుగల యంత్రము కొనలేని తండ్రులు తమ బిడ్డలకు ఆ విధముగనే కంప్యూటరు విద్యను సంపాదించి పెట్టిరి. నేడు ఖండాంతరములలో పెద్ద యుద్యోగములు చేయుచున్న మన వారిలో ఎంతమంది వ్రేళ్లు మొట్టమొదట అట్టి పేరులేని పెట్టెలపై నాడినవో! ప్రభుత్వరంగ సంస్థయగు ఈసీఐఎల్ 1967లో హైదరాబాదున స్థాపితమై, 1969 నాటికే టీడీసీ 12 అను కంప్యూటరును నిర్మించి దేశమునకు కీర్తి తెచ్చిన మాట నిజము. కాని సామాన్యుని యింటికి కంప్యూటరును చేర్చినది మాత్రము విప్పదగిన పెట్టె, దానిని విప్పనేర్చిన కుఱ్ఱవాడు.

ఆ కుఱ్ఱవాడు నేడు నడివయస్కుడై మన బజారులలో మరమ్మతు దుకాణము పెట్టుకొని యున్నాడు. వాని విద్య సామాన్యమైనది కాదు. భూతద్దము క్రింద వేడిగాలి యంత్రముతో బియ్యపుగింజకంటె చిన్నవగు భాగములను తీసి పెట్టగలడు. అతుకబడిన ర్యామును సైతము ఊడదీసి మార్చగలవారు కలరు. కాని అది ప్రాణసంకటమైన శస్త్రచికిత్స వంటిది, బోర్డే కాలిపోవచ్చును. ఇట్టివానికి కావలసినవి బోర్డు నక్షయు, సరసమైన ధరకు విడిభాగములును. ఈ రెంటిని కంపెనీలలో పెక్కు ఈయవు. పాత రేడియోల పెట్టెలలో వలయపు నక్ష అంటించియుండుట పెద్దలు చూచియే యుందురు. నేటి మరమ్మతుదారుడు అట్టి నక్షను దొంగచాటున సంపాదించుకొనవలసి వచ్చుచున్నది. నిజాయితీగా పనిచేయువానిని నేరస్థుని త్రోవలో నడిపించు వ్యాపార నీతి యిది. కొన్ని ఫోనులలో నైతే విడిభాగమునకును బోర్డునకును రహస్య సంఖ్యలతో ముడివేసి, అదే కంపెనీ తయారుచేసిన తెఱనైనను బయటి వాడు మార్చినచో హెచ్చరికలు చూపించుటయో, కొన్ని సదుపాయములు తగ్గించుటయో చేయుచున్నారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రము 2024లో చట్టము చేసి, 2025 జనవరి 1 తరువాత తయారగు పరికరములలో అట్టి ముళ్లను నిషేధించినది.

కంపెనీల పక్షమున చెప్పదగిన మాటయును కలదు, దానిని దాచుట న్యాయము కాదు. ర్యాము ప్రాసెసరునకు ఎంత దగ్గఱగా నుండిన అంత వేగముగను, అంత తక్కువ విద్యుత్తుతోను పనిచేయును. మధ్యనుండు అమరికలు సంకేతమును చెఱచును. విప్పదగిన ల్యాపుటాపులకే పేరుపొందిన ఫ్రేంవర్కు కంపెనీవారు సైతము 2025లో తమ డెస్కుటాపు యంత్రమున ర్యామును అతికియే అమ్మవలసి వచ్చినది; వారు ఎన్నుకొన్న ఏఎండీ ప్రాసెసరునకు విడి పలకలు పొసగలేదు. కావున అతుకంతయు కుట్రయని మేమనము. కాని అవసరము కొంతవఱకే నిజము. 2023 డిసెంబరులో జెడెక్ అను ప్రమాణ నిర్ణయ సంస్థవారు క్యామ్2 అను క్రొత్త పలకకు ప్రమాణమును ప్రకటించిరి. తక్కువ విద్యుత్తుతో పనిచేయు ర్యామునే మరలతో బిగించి, కావలసినపుడు విప్పుటకు వీలుగా నది యేర్పడినది. 2024లో లెనోవోవారి థింక్‌ప్యాడ్ పి1 ఏడవ తరము యంత్రముతో విపణికిని వచ్చినది. దారి యున్నదని తేలినది. ఆ దారిన నడువని కంపెనీలకు సాంకేతిక కారణముతోపాటు లాభ కారణమును కలదని యనుమానించుటకు మన కధికారము కలదు.

యనుమానమునకు పూర్వ నిదర్శనము లేకపోలేదు. 1924లో ప్రపంచమందలి పెద్ద విద్యుద్దీపముల కంపెనీలు జెనీవాలో ఫీబస్ అను కూటమిగా నేర్పడి, దీపము వేయి గంటలకంటె ఎక్కువకాలము వెలుగరాదని కట్టుబాటు చేసికొన్నవి. తమ దీపము మఱింతకాలము వెలిగినచో కంపెనీయే జరిమానా చెల్లింపవలెను! ప్రపంచయుద్ధము వచ్చువఱకు ఆ కూటమి నడచినది. మన కాలమునందును 2017 డిసెంబరులో ఆపిలు కంపెనీవారు, బ్యాటరీ పాతబడిన ఐఫోనులను సాఫ్ట్‌వేరు ద్వారా తామే మందగింపజేయుచున్నట్లు ఒప్పుకొనిరి. ఫోను హఠాత్తుగా ఆరిపోకుండుటకే యట్లు చేసితిమని వారి సమాధానము. ఆ సంగతిని కొన్నవారికి చెప్పనందులకు ఫ్రాన్సు ప్రభుత్వము 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించెను.

ఇక ఆటల సంగతి. ఆటయంత్రములనుగూర్చి పత్రికలో వ్రాయుట చిన్నతనమని కొందఱు పెద్దలు తలపవచ్చును. వారి మనుమలు ఏమి కొనుచున్నారో వారు విచారించుట మంచిది. 2025 జూన్ 5న నింటెండోవారు విడుదల చేసిన స్విచ్ 2 నాలుగు దినములలో 35 లక్షలు మించి అమ్ముడుపోయినట్లు ఆ కంపెనీయే ప్రకటించెను. దానికి వచ్చు ఆటల కార్డులలో కొన్నింట ఆట యుండదు, తాళపుచెవి మాత్రమే యుండును. ఆటను కంపెనీ భాండాగారమునుండి దింపుకొనవలెను. అది మూతపడిననాడు కార్డు ఉత్త ప్లాస్టికు ముక్క. యంత్రమును తమ నిబంధనలకు విరుద్ధముగా మార్చినచో దానిని శాశ్వతముగా పనికిరాకుండ చేయు నధికారమును సైతము అమెరికాలోని వాడుకదారుల ఒడంబడికలో ఆ కంపెనీవారు 2025 మే నెలలో వ్రాసికొనిరి. కాలిఫోర్నియా రాష్ట్రము మాత్రము, ఇట్టి సరకును అనుమతిపత్రము మాత్రమేయని తెలుపకుండ కొనుమని పిలుచుట మోసమనుచు 2025 జనవరి 1నుండి చట్టము నమలులో పెట్టినది. మాటకు అర్థము నిలిపిన చట్టమది. మాకు మిక్కిలి నచ్చినది.

ఆటకాండ్ర ప్రపంచముననే మఱియొక వింత కలదు. ధనవంతుని కుమారుడు ఆటలకై పెట్టుకొను పెద్ద పెట్టె నేటికిని పూర్తిగా విప్పదగినదే. 2025 జనవరిలో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్ కార్డు ఒక్కటియే 575 వాట్ల విద్యుత్తు త్రాగును, విడుదలనాటి వెల 1,999 డాలర్లు. ఐనను రెండు మరలు విప్పి యూడదీయవచ్చును, నచ్చకున్న అమ్ముకొనవచ్చును. లక్షలు పోసి యాడువానికి స్వాతంత్ర్యము, చదువుకొనుటకు అప్పు చేసి కొనువానికి టంకము! ఇది యెవరును ఉద్దేశించి చేసినది కాకపోవచ్చును. జరిగినది మాత్ర మిదియే.

చట్టమున మన కేమి యాధారమున్నది? 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము 14వ సెక్షను, కొన్నవాడు సరకును నిరాటంకముగా అనుభవించునను హామీ ప్రతి విక్రయమునందును అంతర్లీనముగా నుండునని చెప్పుచున్నది. అమ్మిన పిమ్మట దూరమునుండి సాఫ్ట్‌వేరు పంపి వస్తువును కుంటుపఱచుట ఈ హామీకి భంగమని మా వాదము. ఐతే 62వ సెక్షను ప్రకారము ఇట్టి హామీని ఒడంబడికచే తొలగింపవచ్చును. యంత్రము తెఱచిన తోడనే ప్రత్యక్షమగు ఆ కొలువు తీఱని యక్షరముల ఒడంబడిక క్రింద మనము నొక్కు అంగీకారపు బొత్తాము చేయు పని యిదియే. దానిని చదివినవా రెవరైన నున్నారా? వకీళ్లమైన మేమును చదువము. ఇట్టిదానికి విరుగుడుగా 2019 వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు ఒడంబడిక అను భావమును నిర్వచించి, దానిపై రాష్ట్ర కమిషనునొద్ద ఫిర్యాదుచేయు మార్గము చూపినది. ఆ మార్గమున నడచువారు కావలెను.

అమెరికా సుప్రీముకోర్టు 2017 మే 30న లెక్స్‌మార్కు ప్రింటరుల కంపెనీ వ్యాజ్యెమున, పేటెంటుదారుడు వస్తువు నమ్మిన తోడనే దానిపై తన పేటెంటు హక్కు తీరిపోవునని తీర్పు చెప్పినది. ఖాళీయైన టోనరు గుళికలను బయటివారు నింపి యమ్మరాదని ఆ కంపెనీ వాదము. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్సు గారు పాత కార్లను బాగుచేసి యమ్ము దుకాణమును దృష్టాంతముగా చూపి, విడిభాగముల తయారీదారులందఱు ఆ దుకాణముపై దావా వేయగలిగినచో వ్యాపారము సాగునా యని విచారించిరి. మన దేశముననే 2014 ఆగస్టులో కాంపిటీషను కమిషనువారు, కార్ల విడిభాగములను బయటి మరమ్మతుదారులకు చిక్కకుండ చేసినందులకు 14 కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించిరి. తరువాత అప్పీళ్లు నడచిన మాట వేఱు. కారునకు వర్తించు న్యాయము కంప్యూటరునకు వర్తింపకుండుటకు కారణము మాకు కానరాదు.

ప్రభుత్వమువా రూరకుండలేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు మరమ్మతు హక్కునకై సంఘము నియమించిరి. డిసెంబరు 24న వెబ్ పోర్టలును తెఱచిరి. మరమ్మతు సౌలభ్యమును అంకెలలో చూపు సూచికపై మఱియొక సంఘము 2025 మే నెలలో నివేదిక నిచ్చినది. తొలి విడతగా స్మార్టుఫోనులను ట్యాబ్లెట్లను పరిగణించినది. ఫ్రాన్సువారు అట్టి అంకెను 2021 జనవరి 1నుండియే నిర్బంధము చేసిరి. ల్యాపుటాపులు వారి మొదటి జాబితాలోనే యున్నవి. ఐరోపా సమాఖ్యవారు 2025 జూన్ 20నుండి ఫోనులకు ట్యాబ్లెట్లకు విక్రయము ముగిసిన పిదపను ఏడేండ్లవఱకు విడిభాగములు దొరకవలెనని విధించిరి. 2027 ఫిబ్రవరి 18నుండి బ్యాటరీలను వాడుకదారుడే మార్చుకొన గలుగవలెనని శాసించిరి. మన పోర్టలు సమాచారమిచ్చును గాని నిర్బంధింపదు. అడిగినచో చెప్పుటకును, చెప్పకున్న శిక్షించుటకును చాల దూరమున్నది.

చట్టము వచ్చులోపల మన రాష్ట్ర ప్రభుత్వముల చేతిలో అంతకంటె పదునైన సాధనమున్నది: కొనుగోలు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును ట్యాబ్లెట్ల పంపిణీ నారంభించినపుడు వాని సంఖ్య అయిదు లక్షలు దాటినది. ఒక్కసారి అయిదు లక్షలు కొనువాడు షరతు పెట్టలేడా? పార్టీ లేవైనను మాకు నిమిత్తము లేదు. బ్యాటరీ మార్చదగినదై యుండవలెను, ల్యాపుటాపులలో ర్యాము, ఎస్సెస్డీ విప్పదగినవై యుండవలెను, విడిభాగములు ఏడేండ్లు జిల్లా కేంద్రమున దొరకవలెను అను మూడు వాక్యములు టెండరులో చేర్చుటకు శాసనసభ సమావేశమైనను అక్కఱలేదు. కొనుగోలు శాఖ కార్యదర్శి కలము చాలును. ఆ షరతుతో ప్రభుత్వమునకు తయారైన నమూనాయే పిమ్మట బజారులోనికి వచ్చును.

పఠన మందిరములలో ఈ పత్రికను చదువు మిత్రులకు ఒక్క మనవి. మీ మందిరముననో, మీ పాఠశాలలోనో విండోసు 10తో మూలబడిన యంత్రము లుండును. వానిని పాత సామానువానికి తూకమున వేయకుడు. లినక్సు అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉచితముగ దొరకును; దాని రూపములు కొన్ని 4 జీబీల ర్యాముతో చక్కగా నడుచును, తెలుగు లిపిని చూపును, తెలుగున వ్రాయనిచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే చదువు చెప్పుచున్నవి. హైదరాబాదులో స్వేచ్ఛ యను స్వచ్ఛంద సంస్థవారు ఈ విద్యను తెలుగువారికి అందించుటకు చిరకాలముగా కృషి చేయుచున్నారు. ఒక యాదివారము వెచ్చించి యంత్రమును తెఱచి, దుమ్ము దులిపి, లినక్సు నెక్కించినచో, పేపరు చదువుటకు, దరఖాస్తు పంపుటకు, పిల్లవాడు ప్రోగ్రామింగు నేర్చుటకు అది చాలును. ఒకటి రెండు ప్రభుత్వ, బ్యాంకు పనులు విండోసుననే నడచునట్లు కట్టబడి యుండుట అవరోధమే. దానికి వేఱొక వ్యాసము కావలెను.

క్రొత్తది కొనువారు దుకాణదారుని అడుగుడు: ర్యాము విడి పలకయా, అతుకా? ఖాళీ సందున్నదా? బ్యాటరీ విడిగా దొరకునా, ఎన్నేండ్లు? చెప్పిన మాటను బిల్లుపై వ్రాయించుకొనుడు. పిదప వ్యాజ్యె మాడవలసి వచ్చినచో నోటిమాట నిలువదు, బిల్లుపై వ్రాత నిలుచును. వ్రాయనని దుకాణదారుడు చెప్పినచో ఆ మాటనే తేదీతో గుర్తు పెట్టుకొని మా కార్యాలయమునకు వ్రాయుడు. యంత్రము పేరు, నమూనా, చెప్పిన సమాధానము చాలును. మీ పేరు ప్రకటింపము. వచ్చిన జాబులను వరుసగా కూర్చి, రాష్ట్ర కమిషను ముందుంచదగిన వానిని మేమే ఉచితముగా పరిశీలించి చూతుము.